ఊరి పక్క అడవిలో తొలి నడక: దారి ఎంచుకోవడం నుంచి ఇంటికొచ్చి ఒళ్ళు చూసుకునేదాకా

"ఎప్పుడూ ట్రెక్కింగ్ చేయలేదు. పిల్లలున్నారు, అమ్మకి మోకాళ్ళ నొప్పులు. దగ్గర్లో ఎక్కడికెళ్తే బాగుంటుంది?" చలికాలం మొదలైతే చాలు, ఈ ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తుంది. అడిగేవాళ్ళు ఒక చోటు పేరు చెప్పమంటారు. చెప్తాను. కానీ పేరొక్కటే తెలిస్తే చాలదు. తేలిక దారుల్లో జనాన్ని ఇబ్బందిపెట్టేది కొండ ఎత్తు కాదు. ఎండెక్కాక బయల్దేరతారు, తలా ఒక చిన్న నీళ్ళ సీసా పట్టుకెళ్తారు, ఎన్నింటికి వెనక్కి తిరగాలో ముందు అనుకోరు. ఈ మూడూ సరిచేసుకుంటే ఆరేళ్ళ పిల్లతోనూ అరవై దాటిన అమ్మతోనూ హాయిగా వెళ్ళి రావచ్చు.

ఇక్కడ రాసింది నాలుగు నుంచి ఆరు కిలోమీటర్ల దారుల గురించి. ఉదయం వెళ్ళి మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండే నడక ఇది. రాత్రి బస, తాళ్ళతో కొండలెక్కడం ఇందులో లేవు.

కావలసినవి

- వేళ్ళు, మడమ మూసి ఉంచే బూట్లు. మామూలు స్పోర్ట్స్ షూ చాలు, అడుగున గాడులు అరిగిపోకుండా ఉంటే చాలు. చెప్పులు వద్దు. తుమ్మముల్లు హవాయి చెప్పుని సూటిగా దాటి పాదంలోకి దిగుతుంది.
- నూలు మేజోళ్ళు, నిండు చేతుల చొక్కా, కాళ్ళ నిండా ఉండే వదులు ప్యాంటు. చుడీదార్ అయితే చున్నీ ఇంట్లోనే పెట్టి రండి, ముళ్ళ కంపకి తగులుకుంటుంది.
- నీళ్ళు: మనిషికి గంటకి అర లీటరు లెక్క. మూడు గంటల నడకైతే మనిషికి లీటరున్నర, పైన అందరికీ కలిపి ఇంకో లీటరు. మార్చి దాటాక ఇంకా పెంచండి.
- రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. పెద్ద ప్యాకెట్ ఒకటి సరిగ్గా లీటరు నీళ్ళలో కలపాలి. గ్లాసులో కొంచెం, సీసాలో కొంచెం వేస్తే ఉప్పు పాళ్ళు తప్పుతాయి.
- పల్లీపట్టి, వేయించిన శనగలు, అరటిపళ్ళు. పులిహోర తెచ్చుకోవచ్చు, స్టీలు డబ్బాలో.
- టోపీ, చిన్న టార్చి, ఈల, బ్యాండేజీ గుడ్డ, చెత్త వేసుకోవడానికి ఒక సంచి.
- పెద్దవాళ్ళకి చేతికర్ర. ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకోండి. అడవిలో కొమ్మ విరవకూడదు.
- పూర్తిగా చార్జి చేసిన ఫోను. ఆ ప్రాంతం మ్యాపు ముందు రోజే ఆఫ్‌లైన్‌లో దించుకోండి.

సెంటు, అత్తరు పూసుకుని రావద్దు. కారణం కింద చెప్తాను.

1. మీ స్థాయికి తగిన దారి ఎంచుకోండి

మొదటిసారి వెళ్తుంటే గేటు, టికెట్టు, కాపలా ఉన్న చోటే ఎంచుకోండి. హైదరాబాదులో అయితే కేబీఆర్ జాతీయ ఉద్యానవనంతో మొదలుపెట్టడం నాకిష్టం. జూబ్లీహిల్స్ నడిబొడ్డున, చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న ఈ అడవిని 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. మట్టి దారి, చెట్ల నీడ, నెమళ్ళు ఉంటాయి. అలిసిపోతే కూర్చోవచ్చు, దారి తప్పే పని లేదు. ఇక్కడ ఆగకుండా నాలుగు కిలోమీటర్లు నడవగలిగిన కుటుంబం తర్వాతి మెట్టుకి సిద్ధమైనట్టే.

ఆ తర్వాతి మెట్టు చిలుకూరు దగ్గరి మృగవని. మూడున్నర చదరపు కిలోమీటర్లకి కాస్త పైన ఉంటుంది. చుక్కల జింకలు, కణుజులు కనబడే చోటు. ఉత్తరం వైపు ఉండేవాళ్ళకి మేడ్చల్ దారిలో, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన కండ్లకోయ ఆక్సిజన్ పార్కు దగ్గర. వనస్థలిపురం హరిణ వనస్థలి కృష్ణజింకలకి పేరు. చూడదగ్గ చోటే, కాకపోతే పొడుగ్గా నడవాలనుకునేవాళ్ళకి అది మొదటి ఎంపిక కాదు.

కాస్త కొండ కావాలంటే వికారాబాద్ పక్కన అనంతగిరి. మూసీ నది పుట్టేది ఇక్కడే. వికారాబాద్ జంక్షన్ దాకా రైల్లో వెళ్ళి అక్కణ్ణుంచి ఆటోలో వెళ్ళొచ్చు, కారు లేదని ఆగక్కర్లేదు. అనంత పద్మనాభస్వామి గుడి దగ్గర్నుంచి అడవిలోకి దారులున్నాయి. కానీ ఇవి కేబీఆర్ లాంటి కంచె కట్టిన దారులు కావు, చీలికలెక్కువ. ఐదో మెట్టు చదవకుండా వెళ్ళొద్దు.

విశాఖవాసులకి కంబాలకొండ ఉంది. జాతీయ రహదారి పక్కనే గేటు, లోపల దాదాపు డెబ్బై చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. ఒక మహానగరానికి ఇంత దగ్గరగా ఇంత అడవి ఉండటం అదృష్టమని నేను గట్టిగా నమ్ముతాను. ఇది చిరుతలుండే అడవి కూడా. గేటు దగ్గర అటవీ సిబ్బంది ఎంతవరకు వెళ్ళమంటే అంతవరకే వెళ్ళండి, గైడుని తీసుకోమంటే తీసుకోండి. భీమిలి దారిలో తొట్లకొండ బౌద్ధారామం దాకా నడవడం ఇంకో మార్గం. సముద్రం అందంగా కనిపిస్తుంది గానీ నీడ తక్కువ, ఎనిమిదింటికల్లా దిగిపోవాలి.

విజయవాడ వైపు వాళ్ళు కొండపల్లి కోట చుట్టుపక్కల కొండలు చూడొచ్చు. బొమ్మలు చేసే తెల్ల పొణికి చెట్టు పెరిగేది ఈ కొండల్లోనే. పిల్లలకి ఆ చెట్టు చూపించి, తర్వాత బొమ్మల కాలనీకి తీసుకెళ్తే ఒక పూట చక్కగా గడుస్తుంది.

మీ ఊరు వీటిలో లేదా? మీ జిల్లా కేంద్రంలో ఆంధ్రలో అయితే నగరవనం, తెలంగాణలో అయితే అర్బన్ ఫారెస్ట్ పార్కు ఉందేమో అడగండి. చాలా పట్టణాల్లో ఉన్నాయి, జనానికే తెలియదు.

హెచ్చరిక: రీల్స్‌లో కనబడ్డ పేరులేని జలపాతం, పేరులేని గుట్ట మొదటి నడకకి పనికిరావు. ఆ వీడియో తీసినవాళ్ళు ఏ నెలలో వెళ్ళారో, ఎవరి అనుమతితో వెళ్ళారో మీకు తెలియదు. అభయారణ్యాల్లో, జాతీయ ఉద్యానవనాల్లో అనుమతి లేకుండా తిరగడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

2. నెల చూసుకోండి, తర్వాత గంట చూసుకోండి

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మనకి మంచి కాలం. జులై నుంచి అక్టోబరు దాకా అడవి పచ్చగా ఉంటుంది, కానీ రాళ్ళకి పాకుడు పడుతుంది, విశాఖ వైపు ఎర్రమట్టి జారుతుంది. వాగు పొంగి ఉంటే, మోకాలి లోతే కదా అని దాటొద్దు. ఎగువన కురిసిన వాన మీకు కనబడదు, మీరు తిరిగొచ్చేసరికి ఆ మోకాలి లోతు నడుము లోతు కావచ్చు. మార్చి నెలలో మోదుగ పూలు చూడాలంటే తెల్లారగానే మొదలుపెట్టి తొమ్మిదింటికి బయటపడండి. ఏప్రిల్, మే నెలల్లో పిల్లలతో వద్దు.

సాయంత్రం నడక మొదటిసారికి వద్దని నా సలహా. డిసెంబరు మొదట్లో హైదరాబాదులో ఐదూ నలభైకే పొద్దు కుంకుతుంది. విశాఖలో ఇంకో పావుగంట ముందే. చెట్ల కింద చీకటి అంతకన్నా ముందు పడుతుంది.

3. వెనక్కి తిరిగే గంట ముందే రాసిపెట్టుకోండి

ఈ ఒక్క మెట్టు పాటించినా మీ నడక సగం గెలిచినట్టే. లెక్క సులువు. ఉదయం ఆరున్నరకి గేటు దాటారు, పదింటికి బయటికి రావాలనుకున్నారు. చేతిలో మూడున్నర గంటలు. అందులోంచి అరగంట అత్యవసరానికి పక్కన పెట్టండి. మిగిలిన మూడు గంటల్లో సగం గంటన్నర. అంటే ఎనిమిదింటికి మీరు ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. శిఖరం పది నిమిషాల దూరంలో ఉన్నా సరే. ఆ గంటకి ఫోన్లో అలారం పెట్టండి.

పిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న గుంపు ఫొటోలతో, విరామాలతో కలిపి గంటకి రెండు కిలోమీటర్లు నడుస్తుంది, అంతే. రోడ్డు మీద ఐదు కిలోమీటర్లు నడిచేవాళ్ళు కూడా అడవిలో అదే వేగం లెక్కేసుకుని మోసపోతారు.

వృత్తాకార దారి అయితే సగంలో వెనక్కి తిరగడం కుదరదు కదా అంటారు. అప్పుడు సగం దూరాన్ని గుర్తు పెట్టుకోండి. అనుకున్న గంటకి ఆ సగం చేరకపోతే వచ్చిన దారినే తిరిగి రండి. ముందున్న దారి ఎలా ఉంటుందో తెలియదు, వచ్చిన దారి తెలుసు.

4. ఇంట్లో ఒకరికి చెప్పి బయల్దేరండి

ఎక్కడికి, ఎవరెవరు, ఏ గేటు నుంచి, ఎన్నింటికి తిరిగి ఫోన్ చేస్తారు: ఈ నాలుగూ మెసేజీ పెట్టండి. "పదకొండున్నరకి నా ఫోన్ రాకపోతే అత్యవసర నంబరు 112కి చెయ్యి" అని కూడా రాయండి. వాట్సాప్ లైవ్ లొకేషన్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, లోయలోకి దిగితే సిగ్నల్ పోతుంది.

5. నడిచేటప్పుడు

మొదటి పావుగంట కావాలనే నెమ్మదిగా నడవండి. పిల్లలు ముందుకి పరిగెత్తుతారు, పెద్దవాళ్ళు వెనకబడతారు, పది నిమిషాల్లో గుంపు మూడు ముక్కలవుతుంది. వరస ఇలా పెట్టండి: ముందు ఒక పెద్ద మనిషి, మధ్యలో పిల్లలు, చివర ఇంకో పెద్ద మనిషి. వేగం అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్ళది. ఈ వరస విషయంలో నేను కచ్చితంగా ఉంటాను. 2023 ఆగస్టులో అలిపిరి మెట్ల దారిలో చిరుత దాడిలో ఒక చిన్నారి చనిపోయింది. వేలమంది నడిచే దారి అది. చిరుతలుండే ఏ అడవిలోనైనా పిల్లలు చేతికందే దూరంలో ఉండాలి, చీకట్లో నడవకూడదు, మూత్రానికైనా ఒంటరిగా పొదల్లోకి వెళ్ళకూడదు.

శ్రమ సరిపోతోందో లేదో చూసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఎక్కుతూ పూర్తి వాక్యం మాట్లాడగలిగితే వేగం సరైందే. రెండు మాటలకి ఆయాసం వస్తే తగ్గించండి. ఆగినా ఆయాసం తగ్గకపోతే, ఛాతీ బరువుగా అనిపిస్తే, చెమట ఆగిపోయి ఒళ్ళు కాలిపోతుంటే నడక అక్కడితో ఆపాలి. నీడకి చేర్చి, తడిగుడ్డ వేసి, 108కి ఫోన్ చేయండి.

దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకోసారి నాలుగు గుక్కలు తాగండి.

దారి చీలిన ప్రతిచోటా ఆగి, వెనక్కి తిరిగి, వచ్చిన దారిని ఫొటో తీయండి. తిరుగు ప్రయాణంలో మీకు కనబడేది ఆ దృశ్యమే. జనం ఎక్కువగా తప్పిపోయేది పశువుల బాటల వల్ల. మేకలు, గేదెలు నడిచిన బాట మనుషుల దారి కన్నా స్పష్టంగా ఉంటుంది, కొంతదూరం పోయాక పొదల్లో కలిసిపోతుంది. కొమ్మలు నడుముకీ ముఖానికీ తగులుతుంటే అది మనుషుల దారి కాదని అనుమానించండి.

దారి తప్పినట్టు అనిపిస్తే ఇంకో అడుగు వేయొద్దు. కూర్చోండి, నీళ్ళు తాగండి. చివరిగా తీసిన ఫొటో చోటికి వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వెళ్ళండి. అది దొరక్కపోతే అక్కడే ఉండి మూడేసి ఈలలు వేస్తూ 112కి ఫోన్ చేయండి. వాగు వెంట దిగితే ఊరొస్తుందని కొందరంటారు. ఆ మాట నమ్మొద్దు, వాగు వెంట దిగితే మొదట వచ్చేది రాళ్ళ దిగుడు.

దిగేటప్పుడే ఎక్కువ మంది పడతారు. గ్రానైటు బండ మీద రాలిన సన్న మొరం గోళీల్లా కదులుతుంది. చిన్న అడుగులు వేస్తూ, మోకాళ్ళు కొద్దిగా వంచి, పాదం మొత్తం ఆనించి దిగండి. బాగా నిటారుగా ఉంటే పక్కకి తిరిగి దిగండి. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి కర్ర ఎక్కడానికన్నా దిగడానికే ఎక్కువ అవసరం.

6. చెట్టూ పుట్టా, పురుగూ పుట్రా

పాములు. కాలు ఎక్కడ పెడుతున్నారో కనబడనిచోట పెట్టొద్దు. దారికి అడ్డంగా పడిన మానుని ఒక్క అంగలో దాటకండి, దాని మీద కాలు పెట్టి, అవతల చూసి దిగండి. రాతి సందుల్లో చేతులు పెట్టొద్దు. మనకి ప్రాణాపాయం ఎక్కువగా నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి వల్లే. ఈ నాలుగింటికీ పనిచేసే విరుగుడు మందు ఒక్కటే, అది ఆసుపత్రిలోనే దొరుకుతుంది. కాటు పడితే మనిషిని కదలకుండా కూర్చోబెట్టండి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసేయండి, వాపు వస్తుంది. ఆ కాలినో చేతినో కర్ర కట్టి కదలకుండా చేయండి. 108కి ఫోన్ చేయండి. తాడుతో బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం, పాము కోసం వెతకడం ఇవేవీ చేయొద్దు. కట్లపాము కాటుకి నొప్పి పెద్దగా ఉండదు. నొప్పి లేదని ఇంటికెళ్ళి పడుకోవద్దు.

తేనెటీగలు. బండ అంచులకీ పెద్ద చెట్లకీ వేలాడే పెద్ద పట్టులని చూడగానే మాటలు ఆపి దూరంగా జరగండి. ఘాటు వాసనలు, పొగ, రాయి విసరడం వాటిని రెచ్చగొడతాయి. సెంటు వద్దన్నది అందుకే. లేచాయంటే చేతులు ఊపకుండా, ముఖం గుడ్డతో కప్పుకుని పరిగెత్తండి, కారు గానీ గది గానీ చేరేదాకా. కుంటలో దూకితే అవి పైనే ఎదురుచూస్తాయి. ముళ్ళని వెంటనే గోటితో గీకి తీసేయండి. పెదవులు వాచినా, ఊపిరి అందకపోయినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

దూలగొండి. చలికాలం చివరికి ఎండిన కాయల మీద బంగారు రంగు నూగు ఉంటుంది, చూడటానికి మెత్తగా ముట్టుకోవాలనిపిస్తుంది. తగిలితే గోకొద్దు, రుద్దొద్దు. రుద్దితే నూగు పాకుతుంది. అంటుకునే టేపు వేసి లాగి, తర్వాత సబ్బుతో కడగండి, బట్టలు మార్చండి.

గురివింద గింజలు పిల్లలు జేబుల్లో వేసుకుంటారు. చూడనివ్వండి, నోట్లో పెట్టుకోనివ్వకండి. నమిలితే విషం. జిల్లేడు పాలు కంట్లో పడకూడదు. రేగుపళ్ళు, సీతాఫలాలు తెలిసినవే అయినా అడవిలో కోయొద్దు, అవి అక్కడి పక్షులకీ జంతువులకీ తిండి.

కోతులు. వాటికి ప్లాస్టిక్ కవరు చప్పుడంటే తిండి అని అర్థం. తినేవన్నీ సంచిలోపల డబ్బాలో ఉండాలి. ముద్దొస్తుందని ఒక బిస్కెట్టు ఇస్తే మీ వెనక వచ్చే పిల్లల చేతి మీద అవి దూకుతాయి. కోతి కరిచినా, గీరినా సబ్బు నీళ్ళతో పావుగంట కడిగి అదే రోజు రేబిస్ టీకా గురించి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

7. అడవిని ఉన్నదున్నట్టు వదిలి రండి

అగ్గిపుల్ల, సిగరెట్టు, పొయ్యి ఏవీ వద్దు. ఫిబ్రవరి దాటాక ఎండుటాకుల మీద ఒక్క నిప్పురవ్వ చాలు. బ్లూటూత్ స్పీకరు ఇంట్లో వదిలేయండి. అరటితొక్క కుళ్ళిపోతుందిలే అని విసరకండి, కోతుల్ని దారికి అలవాటు చేసేది అదే. తెచ్చిన ప్రతి కాగితం తిరిగి మీ సంచిలో రావాలి, దారిలో ఎవరో వదిలిన నాలుగు సీసాలు కూడా తెస్తే ఇంకా సంతోషం.

తరచూ చేసే పొరపాట్లు

- కొత్త బూట్లు ఆ రోజే తొడుక్కోవడం. వారం ముందు నుంచి ఇంటి చుట్టూ నడిచి అలవాటు చేసుకోండి, లేకపోతే మడమ బొబ్బలెక్కుతుంది.
- ఖాళీ కడుపుతో బయల్దేరడం. రెండు ఇడ్లీలైనా తినండి. పూరీలు, బిర్యానీ తిని ఎక్కొద్దు.
- బీపీ, షుగరు మందులు "వచ్చాక వేసుకుందాం" అనుకోవడం. షుగరు ఉన్నవాళ్ళు జేబులో నాలుగు బెల్లం ముక్కలో గ్లూకోజో పెట్టుకోవాలి.
- నీళ్ళన్నీ ఒకరి సంచిలో పెట్టడం. ఆ మనిషి ముందుకెళ్ళిపోతే వెనకవాళ్ళకి చుక్క ఉండదు.
- సెల్ఫీ కోసం బండ అంచుకి వెళ్ళడం. ఫొటో తీసేటప్పుడు కాళ్ళు ఆగి ఉండాలి, నడుస్తూ తీయొద్దు.
- జలపాతం కింద గుండంలో దిగడం. పైనుంచి లోతు తెలియదు, అడుగున పాకుడు రాళ్ళుంటాయి. ఈత వచ్చినవాళ్ళు కూడా ఇక్కడే పోతున్నారు.

8. ఇంటికొచ్చాక చూసుకోవలసినవి

ఇంట్లో అడుగుపెట్టగానే బట్టలు నేరుగా ఉతకడానికి వేసి, వేడినీళ్ళతో సబ్బు రుద్ది స్నానం చేయండి. చంకలు, గజ్జలు, చెవుల వెనక, మోకాళ్ళ వెనక, పిల్లల జుట్టులోపల వెతకండి. పిడుదు పట్టుకుని ఉంటే సన్న మొన పట్టకారుతో చర్మానికి వీలైనంత దగ్గర పట్టుకుని నిటారుగా లాగండి. కిరసనాయిలు పోయడం, అగరొత్తితో కాల్చడం వద్దు.

మూత్రం రంగు చూసుకోండి. లేత పసుపైతే నీళ్ళు సరిపోయాయి. ముదురుగా ఉంటే ఈసారి ఇంకో అర లీటరు కలుపుకోవాలి.

మర్నాడు పిక్కలు, తొడలు పట్టేసినట్టుంటే మంచిదే, రెండు రోజుల్లో పోతుంది. మోకాలి కీలు వాచినా, మెట్లు దిగుతుంటే పొడిచినట్టు నొప్పి వచ్చినా అది కండరాల నొప్పి కాదు. తగ్గేదాకా చదును దారులకే పరిమితం కండి.

తర్వాత మూడు వారాల్లో జ్వరం వస్తే డాక్టరుకి "అడవిలో నడిచాం, ఫలానా తేదీన" అని మీరే చెప్పండి. గడ్డిలో, పొదల్లో ఉండే మైట్ అనే చిన్న పురుగుల వల్ల స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. కుట్టినచోట నల్లటి చెక్కు కట్టిన మచ్చ కనబడవచ్చు, కనబడకపోవచ్చు కూడా. ముందుగా గుర్తిస్తే డాక్సీసైక్లిన్ లాంటి మామూలు మందుతో తగ్గుతుంది. చెప్పకపోతే టైఫాయిడ్ అనో వైరల్ జ్వరమనో వారం గడిచిపోతుంది.

అనుకున్న గంటకి బయటపడి, సీసాల్లో కొన్ని నీళ్ళు మిగిలి, ఎవరూ చివరి కిలోమీటరు విసుక్కోకుండా నడిస్తే, వచ్చే నెల ఇంకో కిలోమీటరున్నర కలపండి. ఈ మూడింటిలో ఏది తప్పినా అదే దారికి మళ్ళీ వెళ్ళండి, ఈసారి అరగంట ముందు.